వేధింపుల బారిన కౌమారం: ఇంటా బడిలో మన బాధ్యత

తోటి పిల్లలు ఒకరినొకరు ఆటపట్టించుకోవడం సహజమేనని పెద్దలు తరచూ అంటుంటారు. ఇద్దరూ కలిసి నవ్వుకునేంతవరకు ఆ మాట నిజమే. ఒకరు నవ్వుతుండగా మరొకరు లోలోపల కుమిలిపోతుంటే దానిని ఆట అనరాదు, అది వేధింపు. నార్వేలో ఈ అంశంపై దశాబ్దాల పాటు పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వియస్ దీనికి మూడు లక్షణాలు చెప్పారు: బాధించాలన్న ఉద్దేశం, అది పదే పదే జరగడం, ఇరువురి మధ్య బలంలో తేడా ఉండడం. బలమంటే కండబలమే కానక్కరలేదు. వయసు, ధనం, స్నేహబృందం, తరగతిలో పలుకుబడి కూడా బలమే.

ఇది ఎక్కడో అరుదుగా జరిగేది కాదు. ప్రపంచవ్యాప్తంగా దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థులలో ఒకరు గడచిన నెలలో కనీసం ఒక్కసారి తోటివారి వేధింపునకు గురయ్యారని యునెస్కో 2019 నివేదిక వెల్లడించింది. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 11వ ఆయత్ ఎగతాళిని, కించపరిచే మారుపేర్లను స్పష్టంగా వారించింది. ఒక పిల్లవాణ్ణి నిత్యం ‘నత్తోడా’, ‘బండోడా’ అని పిలవడం కూడా ఈ కోవలోకే వస్తుంది.

ఫోను వెంట ఇంటికి వచ్చే వేధింపు

ఒకప్పుడు బడి గంట మోగితే పిల్లవానికి ఊరట లభించేది. నేడు వేధింపు ఫోనులో ఇంటికే వస్తున్నది. తరగతి వాట్సాప్ గ్రూపులో హేళన, నకిలీ ఖాతాలు, మార్పు చేసిన ఫొటోలు, కావాలని గ్రూపు నుండి తొలగించడం దీని రూపాలు. ఒక్కసారి పెట్టిన ఫొటో వందమంది చేతులు మారితే, బాధితునికి అది వందసార్లు జరిగినట్లే. అయితే ఆన్‌లైన్‌లో వేధింపునకు గురయ్యేవారిలో చాలామంది బడిలోనూ దానిని అనుభవిస్తున్నవారే. కనుక ఫోను ఒక్కటి లాగేసుకుంటే సమస్య తీరదు.

ప్రమాదాన్ని పెంచేవి

స్నేహితులు లేని ఒంటరితనం, కొత్త బడి, శారీరక వైకల్యం, మాటలో తడబాటు, పేదరికం, భాషలోనో మతంలోనో ఇతరులకు భిన్నంగా ఉండడం పిల్లవాణ్ణి తేలికగా లక్ష్యంగా మారుస్తాయి. ఇవి బాధితుని దోషాలు కావు, దోషం వేధించేవానిదే. మరోవైపు ఇంట్లో కొట్టడం, తిట్టడం, పెద్దల మధ్య హింస చూస్తూ పెరిగిన పిల్లలు ఇతరులను వేధించే అవకాశం ఎక్కువ. వేధింపులకు గురవుతూ, తామూ ఇతరులను వేధించే పిల్లల మానసిక స్థితి అందరికంటే దయనీయంగా ఉంటుంది. ఉపాధ్యాయులు చూసీ చూడనట్లు ఉండే బడిలో ఈ జాడ్యం త్వరగా వ్యాపిస్తుంది.

రక్షణ కల్పించేవి

తల్లిదండ్రులతో ఆత్మీయ సంబంధం మొదటి రక్షణ. నమ్మకమైన స్నేహితుడు ఒక్కడున్నా గాయం తీవ్రత తగ్గుతుంది. బడి తనదనే భావన, ఫిర్యాదు వినే ఉపాధ్యాయుడు మరో అండ. ఫిన్లాండ్‌లోని టుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన ‘కివా’ కార్యక్రమం ముఖ్యంగా ప్రేక్షకులుగా నిలిచే విద్యార్థులపై దృష్టి పెట్టింది. చుట్టూ ఉన్నవారు నవ్వడం మానేసి బాధితుని పక్కన నిలిస్తే వేధించేవానికి దక్కే గుర్తింపే పోతుంది. మన పిల్లలకు నేర్పవలసిన ధైర్యం ఇదే.

మౌనానికి కారణం

చాలామంది పిల్లలు తమ బాధను ఇంట్లో చెప్పరు. ముఖ్యంగా ఆడపిల్లలకు ఒక భయం ఉంటుంది: చెబితే ఫోను లాక్కుంటారు, తప్పు తనదేనంటారు, చివరకు చదువే మాన్పిస్తారు. ఫొటో చూపి బెదిరించేవానికి ఈ భయమే ఆయుధం. ‘నీకేం జరిగినా ముందు మాతో చెప్పు, నీ చదువు ఆగదు’ అని అమ్మీ, అబ్బా ముందుగానే మాట ఇస్తే ఆ ఆయుధం మొద్దుబారుతుంది.

హఠాత్తుగా బడికి వెళ్లనని మారాం చేయడం, నిద్ర, ఆకలి తగ్గడం, ఫోను మోగగానే ఉలిక్కిపడడం వంటివి గమనిస్తే నిదానంగా అడగండి. నిందించకుండా పూర్తిగా వినండి. సందేశాలను చెరిపివేయకుండా స్క్రీన్‌షాట్లు భద్రపరచండి. ఎదురు దూషణకు దిగవద్దు. ఆ ఖాతాను బ్లాక్ చేసి, దానిపై రిపోర్టు చేయండి. బడికి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. సైబర్ నేరాలకు 1930, పిల్లల రక్షణకు 1098, మానసిక ఊరటకు టెలీ మానస్ 14416 నంబర్లు ఉన్నాయి. చనిపోవాలనుందని పిల్లలు ఒక్క మాటన్నా తేలికగా తీసుకోకండి; వెంటనే వైద్యుని సంప్రదించండి.

ఫిర్యాదు మన బిడ్డపైనే వస్తే? ‘మావాడు అలాంటివాడు కాడు’ అని వాదనకు దిగడం వాని భవిష్యత్తుకు మేలు చేయదు. జరిగినది తెలుసుకొని, బాధితుని క్షమాపణ కోరేలా చేసి, నష్టాన్ని సరిదిద్దించాలి. అందుకు వాణ్ణి కొడితే బలవంతుడిదే గెలుపన్న పాఠాన్నే మళ్లీ నేర్పినవారమవుతాం. మనం బంధువులను, పనివారిని, పొరుగువారిని ఏ మాటలతో ప్రస్తావిస్తున్నామో కూడా ఇంట్లో పిల్లలు వింటూనే ఉంటారు. వారి నాలుకను సరిదిద్దే పని అక్కడి నుండే ఆరంభించాలి.