పలకడం వచ్చిన పిల్లవానికి చదవడం ఎందుకు రాలేదు?

పుష్కరకాలం క్రితం మా మద్రసాలో పదమూడేళ్ళ బాలుడొకడుండేవాడు. ఉస్తాద్ చదివి వినిపిస్తే నాలుగైదు సార్లలోనే కంఠస్థం చేసేవాడు. గ్రంథం తెరిచి ముందుంచితే మాత్రం అక్షరాలు తారుమారయ్యేవి. పాఠశాలలో తెలుగు వాచకంతోనూ అదే అవస్థ. ‘సోమరి’ అని అందరి ఎదుటా మందలించినవాణ్ణి నేనే. తరువాతి వారం నుంచి అతడు రావడం మానేశాడు. తల్లి వించిపేటలోని మా ఇంటి గుమ్మంలో నిలబడి, “మౌలానా సాబ్, వాడు చదవనని మొండికేయడం లేదు. వాడి కంటికి అక్షరం నిలవడం లేదు” అన్నది.

నేను పొందిన విద్యలో దానికి పేరు లేదు. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తన 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. 1995 చట్టంలో ఉన్నవి ఏడే. అంటే అటువంటి బాలుని కష్టానికి చట్టంలో చోటు దొరికింది 2016లోనే.

ఆశ్చర్యమేమంటే, ఇటువంటి కౌమార విద్యార్థులకు కావలసిన సాధనం ఒకటి మన హిఫ్జ్ తరగతిలోనే ఉంది. అక్కడ విద్యార్థి ప్రతిదినం మూడు పాఠాలు అప్పగిస్తాడు. ఆనాటి కొత్త భాగం సబఖ్, గడచిన కొద్ది రోజులది సబఖీ, ఏనాడో పూర్తయిన పాతది మంజిల్. నేర్చినది తొలి గంటలలోనే ఎక్కువగా జారిపోతుందనీ, విరామమిచ్చి వల్లెవేస్తే నిలుస్తుందనీ జర్మన్ పండితుడు ఎబ్బింగ్‌హాస్ 1885లో తనపైనే ప్రయోగించి చూపాడు. పదవ తరగతి సాంఘిక శాస్త్రానికీ ఈ పద్ధతే పెట్టండి. కొత్త పేరా ఒక్కటే; దానిని తల్లి గాని, అక్క గాని ఫోనులో చదివి రికార్డు చేయాలి. పిల్లవాడు విని, పుస్తకం మూసి, తన మాటల్లో చెప్పాలి. ఆపై నిన్నటిది, ఆపై పోయిన నెలది. చదివే వరుస కింద అట్టముక్క ఉంచితే చూపు పక్క వరుసకు పోదు. లెక్కలకు ఇది చాలదు. వల్లెవేసిన సూత్రం లెక్క చేయదు. అక్కడ మెట్టు మెట్టుగా రాయించవలసిందే.

మండలానికొకటిగా ఉన్న భవిత కేంద్రాలను మనవారు చిన్నపిల్లల వ్యాయామశాలలనుకుంటారు. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను పెద్ద పిల్లల చదువు గురించి కూడా అడగవచ్చు, అడగాలి. 40 శాతం వైకల్యం ధ్రువీకరించబడిన వారికి పరీక్షలో లేఖకుని సహాయం, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. ధ్రువపత్రానికి తిరగడంలోనే నెలలు గడుస్తాయి గనుక తొమ్మిదవ తరగతిలోనే ప్రధానోపాధ్యాయుణ్ణి కలవండి. ఇంకొక మాట. నోటితో జవాబు చెప్పి మరొకరి చేత రాయించడం కూడా నేర్చుకోవలసిన విద్యే. చెప్పేవాని వేగానికి రాసేవాని చేయి అందదు. వాక్యం మధ్యలో ఆగితే ఆలోచన తెగుతుంది. ఇంట్లో తమ్మునితోనో చెల్లెలితోనో వారానికొక జవాబైనా రాయించి అలవాటు చేయండి.

“మా వాడు అలాంటివాడు కాదండీ” అని ధ్రువపత్రం మాటెత్తగానే లేచిపోయే తండ్రులను చూశాను. పెళ్ళి సంబంధాల భయం కూడా ఉంటుంది, ఆడపిల్లల విషయంలో మరీనూ. వారిని నిందించడానికి నాకేమి అర్హత?

ఆ బాలుడు నేడు ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగిస్తున్నాడు. నిరుడు రంజాన్‌లో ఎదురుపడి సలాం చేసి, నా చేతిలోని సంచి తానే అందుకుని ఇంటి వరకూ తెచ్చాడు. దారి పొడుగునా చదువు ప్రస్తావన తేవడానికి నాకు నోరు రాలేదు.