సరుకే రాకుండా ఆపిన దూబగుంట

(మా గ్రామీణ విలేకరి)

నెల్లూరు జిల్లా దూబగుంట పేరు వినగానే సారా ఉద్యమం గుర్తుకు వస్తుంది. కాని అక్కడి ఆడవారు సరిగ్గా ఏం చేశారో ఈ తరంలో చాలామందికి తెలియదు.

తాగుడు అంతకు ముందు లేదా అంటే ఉంది. అయితే సారా కావాలంటే దుకాణం దాకా నడవాలి, చేతిలో డబ్బుండాలి. 1980లలో 'వారుణివాహిని' పేరిట ప్రభుత్వ సారా ప్యాకెట్లలోకి మారాక ఆ శ్రమ తప్పింది. ప్యాకెట్టు పంచెలో దోపుకోవచ్చు. పొలం గట్టు దగ్గరికి, ఇంటి గడప దగ్గరికి అదే వచ్చేది. డబ్బు లేదంటే పద్దు రాసుకునేవారు. కూలి చేతికందే లోపే అందులో సగం సారా బాకీకి పోయేది. ఇంటికి చేరేది కేకలు, దెబ్బలు. ఇంత సులువుగా దొరికే సుఖాన్ని వద్దనుకునే మగవారు ఊరికి ఎంతమంది ఉంటారు?

అందుకే ఈ మహిళలు భర్తలకు నీతులు చెప్పే పని పెట్టుకోలేదు. (అంతకు ముందు చెప్పి చూసిన వారికి వీపు మీద వాతలే మిగిలాయి.) జిల్లాలో 1990లో మొదలైన అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల్లో దీపం చుట్టూ కూర్చున్నప్పుడు ఎవరి కష్టం వారు చెప్పుకున్నారు. తీరా చూస్తే అందరిదీ ఒకటే కష్టం. అసలు ఊళ్లోకి సరుకే రాకూడదని నిశ్చయించుకున్నారు. రోశమ్మ వంటివారు ముందు నిలవగా కల్లును, సారాను అడ్డుకుని వెనక్కు పంపారు. ఈ కథ కొత్తగా చదువు నేర్చినవారి వాచకంలో పాఠమైంది. అది చదివి పక్క ఊళ్లు కదిలాయి. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

సారాకు పోయే డబ్బు మిగలడంతో రోజుకో రూపాయి దాచుకునే 'పొదుపులక్ష్మి' సంఘాలు ఈ జిల్లాలోనే పుట్టాయి. అది చిన్న సంగతి కాదు.

1995 జనవరిలో అమలైన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తివేశారు. రోశమ్మ 2016లో కన్నుమూశారు. 2024 అక్టోబరు నాటి కొత్త విధానంలో క్వార్టరు సీసా 99 రూపాయలకు వచ్చింది. లైసెన్సు దుకాణం దూరంగా ఉన్నా బెల్టు షాపు పక్క వీధిలోనే ఉంటుంది. కిరాణా కొట్లోనో, ఇంటి వెనుకో నడుస్తుంది. చిల్లర లేకపోతే ఫోన్‌పే ఉంది. పద్దూ ఉంది. దాడి జరిగితే నాలుగు రోజులు మూతపడి, ఐదో రోజు మరో ఇంట్లో తెరుచుకుంటుంది.

ఇప్పుడు అడ్డుకుందామంటే వెనకటి వారుణివాహిని బండి లాంటిది కనిపించదని, సీసాలు చేతిసంచుల్లో వస్తాయని మహిళలు చెబుతున్నారు. ఫిర్యాదు చేసేది ఊరికి ఇద్దరో ముగ్గురో. వారి పేర్లు తెల్లవారేసరికి అమ్మేవాడికి తెలిసిపోతున్నాయని వాపోతున్నారు.