అవ్వ మాటకు దగ్గరగా ఉన్న మూడు నవలలు

పదో తరగతి దాటాక తెలుగు పుస్తకం ముట్టని పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు. పాఠంలోని తెలుగు వేరు, ఇంట్లో అవ్వ మాట్లాడే తెలుగు వేరు కావడం ఇందుకు ఒక కారణం. ఇంటి మాట పలికితే బడిలో తప్పు దిద్దుతారు. బడి మాట పలికితే ఇంట్లో నవ్వుతారు. చివరికి పిల్లవాడు రెండింటికీ దూరమవుతాడు. యాసను దాచుకోకుండా రాసిన మూడు నవలలను ఈ మధ్య ఆ దృష్టితోనే చదివాను. ముగ్గురు రచయితలూ ఉపాధ్యాయులుగా పనిచేసినవారే.

కొండపొలం

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ఈ నవలకు 2019లో తానా బహుమతి వచ్చింది. 2021లో సినిమాగానూ తీశారు. ఇంజనీరింగు చదివినా ఉద్యోగం దొరకని కుర్రవాడు, కరువు రోజుల్లో తండ్రి వెంట గొర్రెలు తోలుకొని నల్లమల ఎక్కుతాడు. నీటి కోసం వెతుకులాట, పులి భయం, చెట్లు నరికే దొంగలు కథను ముందుకు నడిపిస్తాయి. చదువురాని కాపరులే అతనికి గురువులవుతారు. అయితే పెద్దల అనుభవాలు వరుసగా వచ్చేచోట కథ నెమ్మదిస్తుంది. కుర్రవాడిలో మార్పు కూడా మరీ సాఫీగా జరిగిపోయింది. అయినా తొమ్మిది, పది తరగతుల పిల్లలకు నేను మొదట ఇచ్చేది ఈ పుస్తకమే.

జిగిరి

పెద్దింటి అశోక్‌కుమార్ రాసిన ఈ చిన్న నవల, ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం కథ. ఎలుగును వదిలించుకుంటే ప్రభుత్వం భూమి ఇస్తుందన్న ఆశ ఆ ఇంట్లో చిచ్చు పెడుతుంది. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఆకలి తెలిసిన భార్యాబిడ్డలు భూమి కోరుకోవడం తప్పని అనలేం. బిడ్డలా పెంచిన జంతువును వదల్లేని ఇమాందీ తప్పనలేం. కానీ ఎలుగును ఆడించడంలోనే ఉన్న హింసను రచయిత ఇంకొంచెం నిలదీసి ఉండాల్సింది. తరగతిలో చర్చ పెట్టడానికి ఇదే మంచి ప్రశ్న.

శప్తభూమి

బండి నారాయణస్వామి నవల ఇది. 2019 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. పద్దెనిమిదో శతాబ్దంలో హండే పాలకుల కింద ఉన్న అనంతపురం సీమ ఇందులో కనిపిస్తుంది. రాజుల గొప్పల కంటే కరువు, కులం, కింది జనం బతుకులకే చోటెక్కువ. 1882 వరకు అనంతపురం బళ్లారి జిల్లాలో భాగమే కనుక, బళ్లారి వైపు పాఠకులకు ఇది తమ నేల చరిత్ర కూడా. పాత్రలు ఎక్కువ కావడంతో కొన్నిచోట్ల వెనక్కి తిప్పి చూసుకోవాల్సి వచ్చింది. కుల హింస, లైంగిక హింస ఉన్నాయి కాబట్టి బడి పిల్లలకు ఇవ్వను. ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు మాత్రం తప్పక చదవాలి.

మూడింటిలో రెండు రాయలసీమవి, ఒకటి తెలంగాణది. బరంపురం వైపు పిల్లలకు ఈ మాటలు కొత్తగా అనిపించవచ్చు. వారికి అట్టాడ అప్పల్నాయుడు వంటి ఉత్తరాంధ్ర రచయితలు దగ్గరగా ఉంటారు. హోసూరు, బళ్లారి ఇళ్లలోనైతే ‘కొండపొలం’ రోజుకు నాలుగు పేజీలు బయటికి చదివించి చూడండి. అర్థం కాని మాట వస్తే నిఘంటువు కంటే ముందు అవ్వను అడగమనండి. ఆమె చెప్పిన అర్థాన్ని పుస్తకం అంచున పెన్సిలుతో రాయించండి.