పచ్చ దీపం అంటే ఏ పచ్చ? టవర్ సర్వర్ ముందు పలకను చదివే విధానం

తెలుగువారికి ‘పచ్చ’ అనే మాట రెండు రంగులకు పనికివస్తుంది. పచ్చని పైరు అన్నప్పుడు అది ఆకు రంగు. పచ్చకామెర్లు అన్నప్పుడు అది పసుపు రంగు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ఏ చిక్కూ రాదు, సందర్భమే అర్థాన్ని చెబుతుంది. కాని మన సరిహద్దు గ్రామాల్లో ఇంటి భాష ఒకటి, బజారు భాష మరొకటి. తమిళంలో రంగు విషయానికి వస్తే ‘పచ్చై’ అంటే ఆకుపచ్చ మాత్రమే. పసుపును వారు ‘మంజళ్’ అంటారు. మన పచ్చకామెర్లు వారికి ‘మంజళ్ కామాలై’.

ఈ ఒక్క మాట తేడా వల్ల, హోసూరు ప్రాంతంలో నేను పనిచేసిన ఒక పాఠశాల విలువైన సమాచారాన్ని పోగొట్టుకుంది. అక్కడి కంప్యూటరు గదిలో ఒక టవర్ సర్వర్ ఉండేది. పిల్లల మార్కులు, ప్రవేశ పట్టికలు, వాటితోపాటు పిల్లలు తమ అవ్వల చేత పాడించి రికార్డు చేసుకొచ్చిన దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు అందులోనే ఉండేవి. ఒకనాటి ఉదయం గది ఊడ్చే అక్క ఒక డిస్కు మీది దీపం రంగు మారడం గమనించింది. ఆమె చురుకైనది. వెంటనే పట్నంలోని మరమ్మతు మనిషికి ఫోను చేసి, తనకు వచ్చిన తమిళంలో “సార్, డిస్కు లైటు పచ్చైగా వెలుగుతోంది” అని చెప్పింది. ఆయన “పచ్చైయా? అప్పో సరి” అని ఫోను పెట్టేశాడు. ఆమె చూసినది పసుపు కలిసిన నారింజ రంగు. ఆయన విన్నది ఆకుపచ్చ.

రెండు నెలల తరువాత రెండవ డిస్కు కూడా ఆగిపోయింది. మార్కులను కాగితపు రిజిస్టర్ల నుంచి మళ్లీ ఎక్కించుకున్నాము. పాటల్లో ఒక ఉపాధ్యాయుని పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి మాత్రమే మిగిలాయి. పాడిన అవ్వల్లో ఇద్దరు అప్పటికే లేరు.

అక్కను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ గదిలో రోజూ తిరిగే మాలో ఎవరికీ ఆ దీపాల భాష రాదు. ఇప్పుడు బడుల్లో, సహకార సంఘాల్లో, చిన్న ఆసుపత్రుల్లో, ఫొటో స్టూడియోల్లో ఇటువంటి యంత్రాలు ఉన్నాయి. వాటి పక్కన కూర్చునేవారు మన ఇళ్లవారే. అందుకే ఆ ముందు పలకను ఎలా చదవాలో వివరిస్తున్నాను.

సర్వర్ అంటే ఏమిటి?

చూడటానికి ఇది సాధారణ కంప్యూటరు పెట్టెలాగే, కాస్త పెద్దదిగా ఉంటుంది. నేల మీదనో బల్ల కిందనో నిలబెట్టే పెట్టె కాబట్టి టవర్ అన్నారు. పెద్ద కార్యాలయాల్లో ఇనుప చట్రంలో అరలు అరలుగా అమర్చేవి వేరే రకం. సాధారణ కంప్యూటరు ఒకరికి పనిచేస్తుంది. సర్వర్ గదిలోని కంప్యూటర్లన్నింటికీ పనిచేస్తుంది. సాధారణంగా రాత్రింబగళ్లు ఆగకుండా నడుస్తుంది. చాలాచోట్ల దీనికి తెర కూడా తగిలించి ఉండదు. లోపల ఏమి జరుగుతున్నదో తెలుసుకోవడానికి దగ్గరున్నవారికి ముందు పలక మీది దీపాలే ఆధారం.

విద్యుత్ మీట

గుండ్రని గీతలో పైన చిన్న నిలువు గీత ఉన్న గుర్తు విద్యుత్ మీటది. ఈ గుర్తు ఏ దేశపు యంత్రం మీదనైనా ఒకటే. యంత్రం నడుస్తున్నప్పుడు దీని దీపం ఆకుపచ్చగా వెలుగుతుంది. హెచ్‌పీఈ ప్రోలయంట్ ఎంఎల్ రకం సర్వర్లలో యంత్రం ఆపి ఉండి, తీగలో మాత్రం కరెంటు ఉన్నప్పుడు ఇదే దీపం నారింజ రంగులో నిశ్చలంగా ఉంటుంది. అది ప్రమాద సూచన కాదు, యంత్రం నిద్రలో ఉందని అర్థం. దీపం అసలు వెలగకపోతే కరెంటు అందడం లేదన్నమాట. తీగను, ప్లగ్గును, యూపీఎస్‌ను చూడాలి.

ఈ మీటకు రెండు స్వభావాలున్నాయి. ఒకసారి నొక్కి వదిలితే సాధారణంగా సర్వర్ తన పనులన్నీ ముగించి, తెరిచిన దస్త్రాలను మూసి, తనంతట తాను ఆగుతుంది. దీనికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. 4 సెకన్లకు మించి నొక్కి పట్టుకుంటే మాత్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. మొదటిది పిల్లవాణ్ణి “రాసింది ముగించి పుస్తకం మూయి” అనడం వంటిది. రెండవది రాస్తుండగా చేతిలోని పుస్తకం లాక్కోవడం. సగం రాసిన లెక్క చెడిపోతుంది. కాబట్టి ఒకసారి నొక్కిన తరువాత ఆగలేదని తొందరపడి మళ్లీ మళ్లీ నొక్కకూడదు. నొక్కి పట్టడం ఏ దారీ లేనప్పుడు మాత్రమే.

వెలిగించినప్పుడు పంకాలు పెద్ద శబ్దంతో తిరిగి, కాసేపటికి నెమ్మదిస్తాయి. సర్వర్ లేచి పనికి సిద్ధం కావడానికి ఇంటి కంప్యూటరు కంటే ఎక్కువ సమయం పడుతుంది. ఈ రెండూ సహజమే. మీటతో ఆపినా లోపల కొంత కరెంటు ఉంటుంది. పెట్టె తెరిచే ముందు వెనుకనున్న తీగను పీకాలి. కొన్నింటికి రెండు తీగలు ఉంటాయి, అప్పుడు రెండూ పీకాలి.

ఆరోగ్య దీపం

యంత్రం మొత్తం క్షేమంగా ఉన్నదా లేదా అన్నది చెప్పే దీపం ఇది. ఇక్కడ కంపెనీని బట్టి రంగు మారుతుంది, జాగ్రత్తగా గమనించండి. హెచ్‌పీఈ ప్రోలయంట్ ఇటీవలి తరాల్లో నిశ్చలమైన ఆకుపచ్చ క్షేమం. నారింజ రంగులో మిణుకుమంటే ఒక భాగం దెబ్బతిన్నదని, ఎర్రగా మిణుకుమంటే పరిస్థితి తీవ్రమైనదని అర్థం. డెల్ పవర్‌ఎడ్జ్ ఇటీవలి తరాల టవర్లలో క్షేమానికి గుర్తు నిశ్చలమైన నీలం. నారింజ రంగులో మిణుకుమంటే లోపం ఉన్నట్లు. అందుచేత పొరుగూరి బడిలో ఆకుపచ్చగా ఉన్నది, మా బడిలో నీలంగా ఉన్నదేమని భయపడనక్కరలేదు.

దీపం నారింజ రంగుకు మారడానికి కారణాలు అనేకం. పంకా ఆగిపోవడం, రెండు విద్యుత్ తీగల్లో ఒకటి ఊడిపోవడం, మెమరీలో దోషం, డిస్కు చెడిపోవడం, వేడి పెరగడం వాటిలో ముఖ్యమైనవి. కొన్ని నమూనాల్లో దోషం ఎక్కడిదో చెప్పడానికి చిన్న చిన్న బొమ్మలతో విడి దీపాలుంటాయి. ఉష్ణమాపకం బొమ్మ వెలిగితే వేడి సమస్య అన్నమాట.

వేడి సంగతి మన ప్రాంతాలకు ముఖ్యం. ఇటువంటి యంత్రాలకు సాధారణంగా నిర్దేశించే గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీల సెల్సియస్. హోసూరులో వాతావరణం కొంత చల్లనే గాని, బళ్ళారి, రాయచూరు వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. సర్వర్ ముందు వైపు నుంచి గాలి పీల్చుకొని వెనుకకు వదులుతుంది. ఆయుధపూజ నాడు యంత్రానికి గంధం, కుంకుమ పెట్టడం మన ఆచారం. చేయవలసిందే. కాని పెట్టే బొట్టు పక్క రేకు మీద పెట్టండి. ముందు జాలీకి పూలదండ వేలాడదీస్తే గాలీ ఆడదు, దీపాలూ కనబడవు.

గుర్తింపు మీట

నీలి రంగు దీపం గల మరొక చిన్న మీట ఉంటుంది. ఒకే రకం యంత్రాలు పక్కపక్కన ఉన్నప్పుడు ఏది ఏదో పోల్చుకోవడానికి ఇది. మరమ్మతు మనిషి దూరం నుంచే దీనిని వెలిగించి “నీలంగా వెలుగుతున్న పెట్టె చూడండి” అని చెప్పగలడు. ఒకసారి తాకినంత మాత్రాన ఏ హానీ లేదు. అయితే కొన్ని నమూనాల్లో దీనిని చాలాసేపు నొక్కి పట్టుకుంటే, యంత్రాన్ని దూరం నుంచి పర్యవేక్షించే లోపలి పరికరం మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. కనుక ఆటకు నొక్కి పట్టవద్దు.

సూది బెజ్జమంత రంధ్రంలో దాగిన మీట కొన్నింటికి ఉంటుంది. అది నిపుణులు దోష పరిశోధనకు వాడేది. పిన్నుతో పొడిస్తే నడుస్తున్న పని నిలిచిపోవచ్చు. పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి.

నెట్‌వర్క్ దీపం

ఆకుపచ్చగా నిశ్చలంగా ఉంటే తీగ సరిగ్గా కలిసి ఉన్నట్లు. మిణుకుమిణుకుమంటే సమాచారం రాకపోకలు సాగుతున్నట్లు. ఈ దీపం మిణుకుమనడం మంచిదే, ఆరోగ్య దీపం మిణుకుతో పోల్చుకోవద్దు. గదిలోని కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా “సర్వర్ కనబడలేదు” అంటే, విద్యుత్ మీట జోలికి పోకముందు ఈ దీపం చూడండి. ఆరిపోయి ఉంటే వెనుక తీగ వదులైందేమో, ఆ తీగ వెళ్లే స్విచ్ పెట్టెకు కరెంటు ఉన్నదేమో పరిశీలించండి.

డిస్కు దీపాలు

మా నష్టం జరిగినది ఇక్కడే. చాలా సర్వర్లలో ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల మీద ఏకకాలంలో రాసే ఏర్పాటు ఉంటుంది. ఒకే పద్దును రెండు పుస్తకాల్లో రాసినట్లు. దీనిని రెయిడ్ 1 అంటారు. ఒక డిస్కు చెడినా రెండవదానితో పని యథాప్రకారం సాగిపోతుంది. పెద్దగా ఏ తేడా తెలియదు. సుఖమూ అదే, ప్రమాదమూ అదే. యంత్రం కుంటుతున్నదని అక్కడున్నవారికి చెప్పేది ఆ చిన్న దీపమే. దానిని పట్టించుకోకపోతే రెండవ డిస్కు పోయిన నాడు అంతా పోతుంది.

డిస్కు అరమీద నిశ్చలమైన ఆకుపచ్చ ఉంటే డిస్కు పనిలో ఉన్నట్లు. హెచ్‌పీఈ యంత్రాల్లో నిశ్చలమైన నారింజ రంగు ఉంటే డిస్కు చెడిపోయినట్లు. ఆకుపచ్చ, నారింజ ఒకదాని తరువాత ఒకటి వెలుగుతుంటే త్వరలో చెడిపోయే సూచన. డెల్ యంత్రాల్లో చెడిన డిస్కు దీపం నారింజ రంగులో వేగంగా మిణుకుమంటుంది. కొత్త డిస్కు పెట్టిన తరువాత సమాచారాన్ని దానిలోకి తిరిగి రాస్తున్నంతసేపు రెండింటిలోనూ ఆకుపచ్చ మిణుకుమంటుంది. డిస్కు పరిమాణాన్ని బట్టి ఇందుకు గంటలు పట్టవచ్చు. అంతవరకు ఏ డిస్కునూ కదిలించకూడదు.

నిపుణుడు రాకముందు మీరే డిస్కు లాగవద్దు. పొరపాటున చెడినదానికి బదులు బాగున్నదానిని లాగితే, మిగిలిన ఒక్క ఆధారమూ పోతుంది. హెచ్‌పీఈ కొన్ని అరల మీద ‘తీయవద్దు’ అని హెచ్చరించే తెల్లని దీపం కూడా ఉంటుంది. అది వెలుగుతుండగా తీస్తే సమాచారం నశిస్తుంది. మీరు చేయవలసింది ఎన్నో అర మీద దీపం మారిందో కాగితం మీద రాసుకోవడం.

ఇంకొక మాట. రెండు డిస్కులు ఉన్నాయి కదా అని వేరే నకలు తీయడం మానకూడదు. ఒక దస్త్రాన్ని పొరపాటున చెరిపితే అది రెండింటిలోనూ చెరిగిపోతుంది. పిడుగు పడినా, గదిలోకి నీళ్లు వచ్చినా రెండూ ఒకేచోట ఉంటాయి. వారానికొకసారి నకలు తీసి మరొక ఇంట్లో ఉంచండి.

ఫోనులో ఏమి చెప్పాలి?

నాలుగు విషయాలు చెబితే చాలు: యంత్రం నమూనా పేరు, ఏ దీపం, ఏ రంగు, నిశ్చలమా మిణుకా. ఎప్పటి నుంచి అన్నది కూడా చెబితే మరీ మంచిది. నమూనా, వరుస సంఖ్య ముందు భాగంలో బయటికి లాగే చిన్న చీటీ మీదనో, పెట్టె పక్కనో ఉంటాయి.

రంగు పేరు మాత్రం అవతలివారి భాషలో చెప్పండి. ఆకుపచ్చను తమిళులు పచ్చై, కన్నడిగులు హసిరు, ఒడియావారు సబుజ, మరాఠీలు హిరవా అంటారు. పసుపును వరుసగా మంజళ్, హళది, హళదియా, పివళా అంటారు. సర్వర్ మీది హెచ్చరిక రంగు పసుపుకు, ఎరుపుకు నడిమిది. దానిని ‘ఆరెంజ్’ అంటే అందరికీ తెలుస్తుంది. తెలుగులో చెప్పేటప్పుడు కూడా వట్టి ‘పచ్చ’ అనకండి. ఆకుపచ్చ అనండి, లేదా నారింజ అనండి. ఫోనులో బొమ్మ తీసి పంపగలిగితే పంపండి, కాని మిణుకు బొమ్మలో కనబడదు కనుక ఆ మాట విడిగా చెప్పాలి.

ఆ నష్టం తరువాత సర్వర్ పక్క గోడకు ఒక కాగితం అంటించాము. ప్రతి ఉదయం తేదీ వేసి విద్యుత్, ఆరోగ్యం, నెట్‌వర్క్, డిస్కు 1, డిస్కు 2 దీపాల రంగులు అందులో రాయాలి. ఒక నిమిషం పని. రంగుల పేర్లు తెలుగులోనూ తమిళంలోనూ రాసి, పక్కన రంగు పెన్సిలుతో చుక్కలు పెట్టాము. ఆ పని మొదటి నుంచీ అక్కే చూస్తున్నది. ఒక వేసవిలో ఆరోగ్య దీపం మారినప్పుడు ఆమె ఫోనులో “కమలాపండు రంగు సార్, మిణుకుమంటోంది, పొద్దున ఎనిమిది గంటల నుంచి” అన్నది. సాయంత్రానికల్లా ఆగిపోయిన పంకా మార్చారు.