కరతలామలకం

ఒక విషయం సందేహానికి తావులేకుండా సంపూర్ణంగా తెలిసి ఉన్నప్పుడు దానిని ‘కరతలామలకం’ అంటారు. కరతలం అంటే అరచేయి. ఆమలకం అంటే ఉసిరికాయ. అరచేతిలో ఉన్న ఉసిరికాయ అన్ని వైపులా స్పష్టంగా కనిపించినట్లే ఆ విషయమూ తేటతెల్లంగా తెలిసినదని ఈ మాటకు భావం. అయితే పూర్వులు ఏ కాయను స్పష్టతకు గుర్తుగా ఎన్నుకొన్నారో, ఆ కాయలోపల ఏమున్నదో తేల్చడానికి ఆధునిక శాస్త్రజ్ఞులకు దశాబ్దాల కాలం పట్టింది. అరచేతిలో కనిపించేది కాయ మాత్రమే. అందులోని గుణం కంటికి కనిపించదు.

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని బోయినపల్లి వంటి ఊళ్లలో ఉసిరి ఎవరికీ కొత్త కాదు. కార్తికమాసంలో ఉసిరిచెట్టుకు పూజ చేస్తారు, దాని నీడలో వనభోజనాలు చేస్తారు. ఉసిరికాయ మీద వత్తిని వెలిగించి దీపం పెడతారు. ఉసిరి తొక్కు జాడీలలో ఏడాది పొడవునా నిలువ ఉంటుంది. పచ్చికాయను కొరికితే మొదట పులుపు, ఆ వెంటనే వగరు. పైన గుక్కెడు నీళ్లు త్రాగితే నోరంతా తీయన. ఈ చెట్టుకు సంస్కృతంలో ‘ధాత్రి’ అనే పేరు కూడా ఉంది. ధాత్రి అంటే తల్లి, పోషించునది. చరకసంహితలోని రసాయన ప్రకరణంలో చ్యవనప్రాశ తయారీకి ఐదువందల ఉసిరికాయలు తీసుకోవాలని చెప్పబడింది. ఉసిరి మేలు చేస్తుందన్న నమ్మకం ఎంత పాతదో దీనిని బట్టి తెలుస్తుంది.

నమ్మకం ఎంత పాతదైనా శాస్త్రం మూడు ప్రశ్నలు వేయక మానదు. ఆ కాయలో మేలు చేసే పదార్థం ఏది? అది ఎంత ఉన్నది? శరీరంలో అది ఏ విధంగా పనిచేస్తున్నది? వీటికి సమాధానం కావాలంటే ముందుగా ఆ పదార్థాన్ని కాయనుండి బయటికి తీయాలి. ఈ ప్రక్రియనే ‘నిష్కర్షణ’ అంటారు. వినడానికి ఇది రసం పిండినంత సులభంగా తోస్తుంది. కాని ఒక్క కాయలో నీరు, పీచు, చక్కెరలు, ఆమ్లాలు, వగరుకు కారణమైన టానిన్లు, ఇంకా అనేక పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. వాటిలో కావలసినదానిని చెడకుండా వేరుచేయడమే అసలు కష్టం.

బోయినపల్లిలో కోసిన ఉసిరికాయలు హైదరాబాదులోని ఒక ప్రయోగశాలకు చేరాయని ఊహించుకొందాం. కాయలు ఏ చెట్టువి, ఎప్పుడు కోశారు, పండినవా పచ్చివా అన్న వివరాలను మొదట నమోదు చేస్తారు. ఒకే చెట్టు కాయలను నమ్ముకోకుండా పలు చెట్ల కాయలను కలిపి నమూనాగా తీసుకొంటారు. తరువాత కడిగి, గింజ తీసి, కండను ముక్కలు చేస్తారు. ఇనుప కత్తితో కోసిన ఉసిరికాయ నల్లబడుతుందని ఇంటిలోని అమ్మమ్మకు తెలుసు. టానిన్లు ఇనుముతో కలిసి నల్లని పదార్థంగా మారడమే దానికి కారణం. అందుకే తొక్కును పింగాణి జాడీలో పెట్టే అమ్మమ్మ వలెనే శాస్త్రజ్ఞుడు కూడా ఇనుమును దూరంగా ఉంచి, గాజు పాత్రలను వాడతాడు.

ముక్కలను ఎర్రటి ఎండలో ఎండబెడితే వేడి, గాలి, వెలుతురు మూడూ కలిసి సున్నితమైన పదార్థాలను నాశనం చేస్తాయి. కాబట్టి ముక్కలను గడ్డకట్టించి, గాలి తీసివేసిన పేటికలో ఉంచుతారు. అప్పుడు మంచు కరిగి నీరు కాకుండానే నేరుగా ఆవిరైపోతుంది. ఈ పద్ధతిని శీతల శుష్కీకరణ అంటారు. మిగిలిన పొడిని తగిన ద్రావణిలో నానబెడతారు. ద్రావణిని ఎన్నుకోవడంలోనే నిష్కర్షణ రహస్యం ఇమిడి ఉంది. నూనెలో కరిగేది నీటిలో కరగదు, నీటిలో కరిగేది నూనెలో కరగదు. టానిన్ల కొరకు నీరు, ఆల్కహాలు కలిపిన ద్రావణిని వాడితే, విటమిన్ ‘సి’ కొరకు చల్లని ఆమ్ల ద్రావణిని వాడతారు. ఆమ్లంలో అది త్వరగా ఆక్సీకరణం చెందదు.

కొంతసేపు కుదిపి వడపోసిన తరువాత రంగుగల సారం లభిస్తుంది. దానిని పొయ్యి మీద మరిగించరు. పాత్రలోని పీడనాన్ని తగ్గిస్తే ద్రావణి కొద్దిపాటి వేడికే ఆవిరైపోతుంది, సారం చిక్కబడుతుంది. అప్పటికీ అది పలు పదార్థాల మిశ్రమమే. దానిని విడదీయడానికి క్రోమటోగ్రఫీ తోడ్పడుతుంది. రష్యా వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెట్ 20వ శతాబ్ది ఆరంభంలో ఆకుల రంగులను వేరుచేయడానికి ఈ పద్ధతిని కనిపెట్టాడు. పొడి నింపిన గొట్టం గుండా సారాన్ని పంపితే కొన్ని పదార్థాలు పొడిని అంటిపెట్టుకొని మెల్లగా సాగుతాయి, కొన్ని వేగంగా జారిపోతాయి. ఆ విధంగా అవి వేరువేరుగా బయటికి వస్తాయి. ప్రతి పరీక్షనూ పలుమార్లు చేసి, ఫలితాలు సరిపోలినప్పుడే లెక్కలోకి తీసుకొంటారు.

ఇంత జాగ్రత్త ఎందుకన్న ప్రశ్నకు ఉసిరి చరిత్రే సమాధానం చెబుతుంది. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి తమ దేశపు ఎర్ర మిరపకాయలనుండి విటమిన్ ‘సి’ని పెద్దమొత్తంలో వేరుచేశాడు. 1937లో నోబెల్ బహుమతిని అందుకొన్నాడు. ఆ కాలంలోనే మన దేశంలో ఉసిరి మీద పరిశోధన సాగింది. ఉసిరిలోని ఒక టానిను విటమిన్ ‘సి’ని చెడిపోకుండా కాపాడుతున్నదని దామోదరన్, నాయర్ అనే శాస్త్రవేత్తలు 1936లో ప్రకటించారు.

ఆ రోజులలో విటమిన్ ‘సి’ని కొలవడానికి ఒక నీలి రంగు ద్రావణాన్ని వాడేవారు. విటమిన్ ‘సి’ ఆ రంగును హరిస్తుంది. ఎంత రంగు పోయిందో చూసి విటమిన్ ఎంత ఉన్నదో లెక్కకట్టేవారు. అయితే రంగును పోగొట్టే శక్తి విటమిన్ ‘సి’కి మాత్రమే లేదు. మరికొన్ని పదార్థాలు కూడా ఆ పని చేయగలవు. 1990ల మధ్యలో కొందరు శాస్త్రజ్ఞులు ఉసిరి శక్తికి మూలం విటమిన్ ‘సి’ కాదనీ, టానిన్లేననీ వాదించారు. 2006లో మరికొందరు ఆధునిక క్రోమటోగ్రఫీతో పరీక్షించి విటమిన్ ‘సి’ కూడా గణనీయంగానే ఉన్నదని చూపారు. 2009లో వెలువడిన మరొక పరిశోధన, ఉసిరిలోని వేరొక పదార్థం విటమిన్ ‘సి’తో కలిసిపోయి కొలతను తప్పుదారి పట్టించగలదని హెచ్చరించింది. వేరుచేయడంలో జరిగిన చిన్న పొరపాటు కాయ స్వభావాన్నే మార్చి చూపుతుందన్నమాట.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు ఈ కథలో ముఖ్యమైన స్థానం ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. మధుమేహం ఉన్నవారి కంటి కటకంలో చక్కెర ఎక్కువైనప్పుడు ఆల్డోజ్ రిడక్టేజ్ అనే ఎంజైము దానిని సార్బిటాల్‌గా మారుస్తుంది. సార్బిటాల్ కటకంలోనే పేరుకొని నీటిని లోపలికి లాగుతుంది. పారదర్శకమైన కటకం క్రమంగా మసకబారుతుంది. శుక్లాలు ఏర్పడే మార్గాలలో ఇది ఒకటి. ఉసిరినుండి తీసిన టానిన్ల సారం ఈ ఎంజైమును అడ్డుకొంటున్నదని సంస్థ శాస్త్రజ్ఞులు 2004లో ప్రచురించారు. మధుమేహం కలిగించిన ఎలుకలలో ఆ సారం శుక్లాలను ఆలస్యం చేసినట్లు 2007లో వెల్లడించారు. ఈ ఎంజైమును అడ్డుకొనే బీటా గ్లూకోగాలిన్ అనే పదార్థాన్ని ఉసిరినుండి వేరుచేసి గుర్తించినట్లు 2012లో మరో పరిశోధన వెలువడింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎలుకలో కనిపించిన ఫలితం మనిషిలో కూడా కనిపిస్తుందని ముందుగా చెప్పలేము. ప్రయోగశాలలో చిక్కబరచిన సారం వేరు, మనం తినే కాయ వేరు. మోతాదు తేలి, మనుషులపై పరీక్షలు జరిగి, హాని లేదని రుజువైన తరువాతే ఒక పదార్థం ఔషధం అవుతుంది. మధుమేహం ఉన్న వ్యక్తి ఉసిరి మీద భరోసాతో వైద్యుడిచ్చిన మందులు మానివేస్తే అతడు పోగొట్టుకొనేది కంటిచూపునే కావచ్చు. ఉసిరిని ఆహారంగా ఆదరించడం సంప్రదాయం. దానిని ఔషధమని చెప్పడానికి నిరూపణ కావాలి.

పూర్వులు అనుభవంతో ఉసిరిని ధాత్రి అన్నారు. శాస్త్రజ్ఞులు ఆ అనుభవాన్ని తోసివేయలేదు, గుడ్డిగా ఒప్పుకోనూ లేదు. కాయను విడదీసి, కొలిచి, తాము కొలిచినదానినే మళ్లీ సందేహించి ముందుకు సాగారు. ఆ సందేహంలో పెద్దలపట్ల అగౌరవం లేదు, సత్యంపట్ల గౌరవం ఉంది. కాయ అరచేతిలోనికి రావడానికి చెట్టు కొమ్మను వంచితే చాలు. దాని గుణం కరతలామలకం కావడానికి మాత్రం ఓర్పు, నిజాయితీ, నిరంతర పరిశీలన కావాలి.