కృత్రిమ గర్భధారణలో కందెనలు – వీర్యకణాల నాణ్యత: ఒక పరిశీలన

కీలక పదాలు: ఘనీకృత వీర్యం, కందెన, ద్రవాభిసరణ, గ్లిజరాల్, చలనశీలత, తిరిగి పొర్లడం

ఉపోద్ఘాతం

ఎదకు వచ్చిన ఆవు గాని, గేదె గాని ఆ అదనులో చూడి కట్టకపోతే రైతు సగటున మరో 21 రోజులు వేచి ఉండాలి. పశువు ఇలా రెండు మూడు మార్లు తిరిగి పొర్లితే ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరుగుతుంది. పాలు లేని రోజుల మేత ఖర్చు రైతుపై పడుతుంది. ఈ వైఫల్యానికి కారణాలు వెదికేటప్పుడు ఎదను గుర్తించడంలో లోపం, వీర్యం నిల్వలో లోపం, పోషకాహార లేమి, గర్భాశయ వ్యాధులు సహజంగానే ముందు వరుసలో నిలుస్తాయి. చేతితొడుగుకు రాసే కందెన మాత్రం తేలికగా దృష్టి తప్పిపోతుంది. పశువు శరీరానికి హాని చేయని కందెన వీర్యకణానికి కూడా హాని చేయదన్న భావన ఎంతవరకు సరైనదో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

కందెన వీర్యానికి తగిలే సందర్భాలు

మొదటి సందర్భం వీర్య సేకరణ. ఆబోతు నుండి వీర్యాన్ని సేకరించే కృత్రిమ యోనిలో గట్టి రబ్బరు గొట్టం, దాని లోపల పలుచని రబ్బరు తొడుగు, రెండింటి నడుమ వేడినీరు ఉంటాయి. తొడుగు ముందు భాగానికి కందెన పూస్తారు. పూత మితిమీరితే అది స్ఖలనంతో పాటు సేకరణ గొట్టంలోకి చేరుతుంది. ఆ స్ఖలనం నుండి తయారయ్యే వీర్య నాళికలన్నింటిపైనా దాని ప్రభావం ఉండవచ్చు.

రెండవది గర్భధారణ చేయించే సందర్భం. కార్యకర్త ఒక చేతిని పురీషనాళంలోకి చొప్పించి గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకొని, రెండవ చేతితో గన్‌ను యోని మార్గం ద్వారా గర్భాశయంలోకి నడుపుతాడు. కందెన అవసరం పురీషనాళంలోని చేతికే. అయితే అది పేడతో కలిసి కిందికి జారి యోని పెదవులకు అంటుకుంటే, గన్ కొనతో పాటు లోపలికి వెళ్లే అవకాశం ఉంది. నాళికలో ఉండే వీర్యం 0.25 మిల్లీలీటరు మాత్రమే. ఇంత స్వల్ప పరిమాణానికి చిన్న బొట్టు కందెన కూడా తక్కువేమీ కాదు.

హాని జరిగే తీరు

పరిపక్వ వీర్యకణం తన కణద్రవ్యాన్ని దాదాపుగా కోల్పోయి ఉంటుంది. దెబ్బతిన్న భాగాలను తిరిగి నిర్మించుకునే శక్తి దానికి లేనట్లే. బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాలు అధికంగా ఉండే దాని పొర ఘనీభవనం, కరిగింపు దశలు దాటేసరికి మరింత బలహీనపడుతుంది. అటువంటి కణానికి కందెన వల్ల హాని ప్రధానంగా మూడు విధాల కలుగుతుంది.

మొదటిది ద్రవాభిసరణ. వీర్యం గాఢత కిలోకు సుమారు 300 మిల్లీఆస్మోల్స్. బరువులో 30 శాతం గ్లిజరాల్, 70 శాతం నీరు ఉన్న ద్రావణానికి లెక్క కడితే ఇది 4,500 దాటుతుంది. అంటే దాదాపు 15 రెట్లు. అటువంటి పరిసరంలో కణం నీటిని కోల్పోయి ముడుచుకుంటుంది. మామూలు నీరు తగిలితే ఉబ్బి, తోక చుట్టుకుంటుంది. రెండవది ఆమ్ల–క్షార స్థితి. తటస్థ స్థితికి దగ్గరగా ఉండే వీర్యానికి ఆమ్లగుణం గల జెల్లీ గాని, క్షారగుణం గల సబ్బునీరు గాని సరిపడదు. మూడవది రసాయన విషప్రభావం. సబ్బు కొవ్వును కరిగించే గుణంతోనే కణపొరనూ చెదరగొడుతుంది. శస్త్రచికిత్సకు వాడే కొన్ని జెల్లీలలో సూక్ష్మజీవులను చంపడానికి కలిపే క్లోర్‌హెక్సిడిన్ వీర్యకణాలకూ హానికరం. లిక్విడ్ పారఫిన్ వంటి నూనెలు నీటిలో కలియవు కనుక ద్రవాభిసరణ సమస్య ఉండదు. కానీ అవి లేటెక్స్ రబ్బరును పాడుచేస్తాయి.

గ్లిజరాల్ చెప్పే పాఠం

గ్లిజరాల్ వీర్యకణాలను అతిశీతలం నుండి కాపాడుతుందని 1949లో పోల్జ్, స్మిత్, పార్క్స్ వెల్లడించారు. ఘనీకృత వీర్య పరిశ్రమకు అదే పునాది. నేటికీ ఆబోతు వీర్య ద్రావణంలో సుమారు 6–7 శాతం గ్లిజరాల్ కలుపుతారు. అయితే ఆ మోతాదు నిర్ణీతమైనది. చల్లని స్థితిలో కణం దానికి అలవాటుపడేందుకు కొన్ని గంటల వ్యవధి ఇస్తారు. జెల్లీ రూపంలో అదే గ్లిజరాల్ అధిక గాఢతతో ఒక్కసారిగా తగిలినప్పుడు పరిస్థితి వేరు. కోళ్లలోనైతే గ్లిజరాల్ ఉన్న వీర్యం ఫలదీకరణ శక్తిని బాగా కోల్పోతుంది. దానిని తొలగించిన తరువాతనే వాడవలసి ఉంటుంది. కనుక ఒక పదార్థం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు మోతాదు, వేగం, జాతి తెలియనిదే సమాధానం లేదు.

పరీక్షా విధానం – పరిమితులు

ఒకే స్ఖలనాన్ని భాగాలుగా విభజించి, ఒక భాగాన్ని కందెన లేకుండా ఉంచి, మిగిలిన వాటికి వేర్వేరు పాళ్లలో కందెన కలిపి 37 డిగ్రీల సెల్సియస్ వద్ద నిర్ణీత వ్యవధులలో చలనశీలతను కొలవాలి. ఇయోసిన్–నైగ్రోసిన్ రంజనంతో సజీవ కణాల శాతాన్ని, 1984లో జెయేంద్రన్ బృందం మానవ వీర్యానికి ప్రతిపాదించిన అల్పగాఢత ద్రావణ పరీక్షతో పొర పటుత్వాన్ని అంచనా వేయవచ్చు. అయితే పరీక్షనాళికలో చలనం తగ్గినంత మాత్రాన క్షేత్రంలో చూడి శాతం అదే మేరకు తగ్గుతుందని చెప్పలేము. చలనం నిలిచినంత మాత్రాన డి.ఎన్.ఏ. క్షేమంగా ఉందనీ నిర్ధారించలేము.

ముగింపు

పాటించవలసిన జాగ్రత్తలు ఖర్చుతో కూడినవి కావు. కృత్రిమ యోనికి పలుచని పూత చాలు. పురీషనాళం నుండి పేడను తొలగించి, యోని పెదవులను శుభ్రంగా, పొడిగా తుడిచిన తరువాతనే గన్‌ను ప్రవేశపెట్టాలి. ఎదలో స్రవించే జిగట ద్రవమే మార్గాన్ని సులువు చేస్తుంది కనుక గన్‌కు విడిగా కందెన పూయనవసరం లేదు. షీత్‌పై మరొక పలుచని ప్లాస్టిక్ తొడుగు వేసి, ముఖద్వారం వద్ద దానిని చించడం మరింత రక్షణనిస్తుంది. పరిశోధకులు తమ పద్ధతుల వివరణలో వాడిన కందెన పేరు, కూర్పు, పరిమాణం పేర్కొనడం అవసరం. నమోదు కాని అంశం ఫలితాన్ని ప్రభావితం చేసినా, ఆ నింద చివరకు ఆబోతు మీదకో, పశువు మీదకో, కార్యకర్త మీదకో పోతుంది.