విడిభాగము దొరకని వేళ లారీ వైద్యము

ఒకప్పటి లారీకి విద్యుత్తుతో గల సంబంధము స్వల్పము. సెల్ఫు తిరిగి ఇంజిను ఒక్కమారు అందుకొన్న పిదప, ఇన్‌లైన్ పంపు తన ప్లంజర్ల బలముచేతనే ఒక్కొక్క సిలిండరునకు డీజిలును పంచుచుండెడిది. ఆల్టర్నేటరు చెడినను, బ్యాటరీ డీలాపడినను, పగటివేళ బండి గమ్యము చేరుటకు ఆటంకముండెడిది కాదు. ఇంజినును ఆపుటకు సైతము డ్రైవరు చేతితో లాగు తీగ యొకటి చాలియుండెడిది. 2017 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-4, 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణములు దేశమంతట అమలులోనికి వచ్చుటతో ఆ స్వాతంత్ర్యము తఱిగిపోయినది. నేటి లారీలో ఏ క్షణమున, ఎంత ఒత్తిడితో, ఎంత డీజిలును చల్లవలయునో నిర్ణయించునది ఈ.సి.యు. అను చిన్న గణకయంత్రము. పొగ తగ్గినది, అది నిస్సంశయముగా మేలే. కాని అరచేతిలో ఇముడు సర్క్యూటు పలక యొకటి చెడినచో, పదుల టన్నుల మిరపబస్తాలో సిమెంటుబస్తాలో మోయు బండి రహదారి ప్రక్కన నిశ్చేష్టమై నిలుచు కాలము కూడ దానితోనే వచ్చినది.

ఆ పలక అంగడిలో దొరకినచో చిక్కు లేదు; కాని దొరకని రోజులును వచ్చినవి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రమును ముంచెత్తిన మంచుతుఫాను ఆస్టిన్ నగరపు చిప్పుల కర్మాగారములను మూయించెను. మార్చి 19వ తేదీన జపానులోని నాకా వద్ద రెనెసాస్ సంస్థవారి కర్మాగారమున అగ్నిప్రమాదము సంభవించెను. మోటారు వాహనములకు చిప్పుల నందించు స్థలములు ఇట్లు ఒకదాని వెంట నొకటి స్తంభించుటచే, అంతకుముందే కొఱతతో సతమతమగుచున్న మన వాహన కర్మాగారములును ఉత్పత్తిని తగ్గించుకొనవలసివచ్చెను. కొత్త బండ్లకే చాలని వస్తువు పాతబండి మరమ్మతునకు సులభముగా దొరకునా?

అట్టి వేళ విజయవాడ ఆటోనగరులో గాని, జాతీయ రహదారి ప్రక్కనున్న చిన్న షెడ్డులో గాని, అనుభవజ్ఞుడైన ఎలక్ట్రీషియను తొలుత వేసికొను ప్రశ్న యొక్కటే: చెడిన వస్తువు చేయుచుండిన పని యేమి? ఆ పని తీగను కలుపుటయు త్రెంచుటయు మాత్రమే అయినచో మనుష్యుని చేయి ఆ పని చేయగలదు. ఆ పని గణనమైనచో చేయలేదు. ఈ వివేకమే తాత్కాలిక మరమ్మతునకు పునాది యని నా దృఢవిశ్వాసము.

ఆల్టర్నేటరులోని రెగ్యులేటరును చూడుడు. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిసి 24 వోల్టుల నిచ్చును. వానిని నింపుటకు సుమారు 28 వోల్టులు కావలయును. ఇంజిను వేగము క్షణక్షణము మారుచున్నను ఆ 28 మారకుండ నిలుపుటకై, రెగ్యులేటరు లోపలి ఫీల్డు చుట్టలోనికి పోవు కరెంటును సెకనులో పెక్కు మారులు కలుపుచు త్రెంచుచుండును. అది తెగిపోయినచో చార్జింగు నిలిచిపోవును. అతుకుకొనిపోయినచో వోల్టేజి మితిమీఱి బల్బులు మాడి, బ్యాటరీ నీరు కుతకుతలాడును. రెండవ దశయే మిక్కిలి ప్రమాదకరము. వెంటనే ఇంజినును ఆపి ఫీల్డు తీగను ఊడదీయవలయును. ఇంజిను తిరుగుచుండగా బ్యాటరీ తీగను మాత్రము ఊడదీయరాదు, అప్పుడెగయు వోల్టేజికి డయోడ్లు మాడును.

రెగ్యులేటరు దొరకనిచోట పాత మేస్త్రీలు ఇండికేటరులోని 21 వాట్ల బల్బును ఫీల్డు తీగతో వరుసలో కలిపెదరు. నేరుగా కలిపినచో మూడు ఆంపియర్లకు మించి పాఱగల కరెంటు, బల్బు అడ్డుపడుటచే, సుమారు ఒక ఆంపియరునకు దిగును. బల్బే ఎందుకు, మామూలు రెసిస్టరు చాలదా యని అడుగవచ్చును. టంగ్‌స్టన్ తీగ వేడెక్కినకొలది దాని నిరోధము పెరుగును. కనుక కరెంటు హెచ్చబోయినప్పుడెల్ల బల్బు తానే మఱింత అడ్డుపడును. 1939లో విలియం హ్యూలెట్ తన ఆడియో ఆసిలేటరును నిలకడగా పనిచేయించుటకు వాడినదియు ఈ గుణమునే, హ్యూలెట్-పాకార్డు సంస్థ తొలి సరకు ఆ యంత్రమే. మన షెడ్డులోని మేస్త్రీ ఆ పేరు వినియుండకపోవచ్చును; ఆ ధర్మమును మాత్రము చేతివ్రేళ్లతో ఎఱిగియున్నాడు. అట్టి జ్ఞానమును మనము తక్కువగా చూచుట అన్యాయము.

ఈ ఉపాయమునకు నియమములు కలవు. కొన్ని ఆల్టర్నేటర్లలో ఫీల్డు చుట్ట ఒక కొన ఎర్తునకు, మఱికొన్నిటిలో పాజిటివునకు కలిసియుండును. టెస్టుల్యాంపుతో తేల్చుకొననిదే తీగ కలుపరాదు. కరెంటు ఇగ్నిషన్ తాళము మీదుగానే రావలయును, లేనిచో నిలిపిన బండిలో బ్యాటరీ దిగిపోవును. డ్రైవరు వోల్టుమీటరుపై కన్నువేసి, ముల్లు 29 దాటబోయినచో హెడ్‌లైట్లు వెలిగించి భారము పెంచవలయును. ఇంతకంటె ముఖ్యముగా, ఇది మెకానికల్ పంపు గల పాతబండ్లకే తగును, ఈ.సి.యు. గల బండిలో అదుపు తప్పిన వోల్టేజి ఆ విలువైన యంత్రమునే బలిగొనును.

రిలేల సంగతి సులభము. నలుచదరపు రిలే పాదములపై 30, 85, 86, 87 అను అంకెలుండును. ఇంజినునకు అత్యవసరమైనది చెడినచో హారను రిలేను పెఱికి, అంకెలును వోల్టేజియు సరిచూచి, దాని స్థానమున పెట్టవచ్చును. ఫ్యూజునకు బదులు మేకును గాని, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమును గాని పెట్టువారిని మాత్రము గట్టిగా మందలింపవలయును: పెక్కు లారీలు అగ్నికి ఆహుతి యగుట అట్టి పనివలననే.

సెన్సార్ల దగ్గఱకు వచ్చునప్పటికి మరమ్మతునకును మోసమునకును నడుమనున్న గీత సన్నబడును. ఇంజిను వేడిని కొలుచు సెన్సారు వేడి పెరిగినకొలది నిరోధము తగ్గు వస్తువు. సాధారణముగ వాడు రకమునందు 20 డిగ్రీల వద్ద సుమారు 2,500 ఓములు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓములు ఉండును. 300 ఓముల రెసిస్టరు నొకదానిని అచ్చట కలిపినచో ఇంజిను వేడెక్కినదని ఈ.సి.యు. నమ్మి బండిని నడిపించును. కాని నిజముగ నీరు మరుగునాడు హెచ్చరించు దిక్కుండదు. దగ్గఱి ఊరు చేరువఱకు, మాటిమాటికి ఆగి రేడియేటరును చూచుకొనుచు, ఇట్లు నడుపుట క్షమింపదగినది. నెలల తరబడి నడుపుట కాదు. పొగగొట్టమున యూరియా చల్లు ఏర్పాటును నిలిపివేసి, అది పనిచేయుచున్నదని నమ్మించు పెట్టెలను బిగించుట మరమ్మతే కాదు. చట్టవిరుద్ధమును, పీల్చు గాలిపై దౌర్జన్యమును.

ఈ.సి.యు. స్వయముగా మాడినచో షెడ్డులో చేయదగినది మిక్కిలి స్వల్పము. తడిసిన కనెక్టరును ఆరబెట్టి పచ్చచిలుమును తుడుచుట, ఎర్తు తీగను గీకి బిగించుట వఱకే. ఆశ్చర్యమేమనగా, చెడినదని తోచిన ఈ.సి.యు.లు కొన్ని దీనితోనే లేచి కూర్చుండును. ఏక్సిలరేటరు పెడలులోని రెండు సంకేతములను ఒకదానితో నొకటి పోల్చి చూచి కాని ఇంజినునకు వేగమీయని యంత్రమును తీగముక్కతో ఒప్పించుట సాధ్యము కాదు. ఏ.బి.యస్. చెడినను మామూలు గాలిబ్రేకు మిగిలియుండును. కనుక నెమ్మదిగ పోవచ్చును గాని, హెచ్చరిక దీపమును పెఱికివేయరాదు. బ్రేకులలోను స్టీరింగులోను ఉపాయములకు తావు లేదు.

మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో సంఘమును నియమించి, డిసెంబరు 24న వెబ్‌సైటును తెఱచినది. అందు మోటారు వాహనములును చేరినవి. వైరింగు పటములును, లోపసూచికల వివరములును వీధిచివరి మేస్త్రీకి సైతము అందినప్పుడే ఆ ప్రయత్నము సఫలమగును. లారీ యజమానులకు నా విన్నపము: మీ బండి వైరింగు పటమును, అదనపు రెగ్యులేటరును, రెండు రిలేలను, సరియైన ఫ్యూజులను క్యాబినులో నుంచుడు, తాత్కాలికముగా కలిపిన ప్రతి తీగకును చీటి కట్టి, అసలు భాగము చేతికందిన దినముననే దానిని తీసివేయించుడు.